బొమ్మలు లేని ఇంటర్నెట్

నిన్న బహదూర్‌పల్లిలోని మా ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ ఆన్ చేస్తే, వేడెక్కిన దుమ్ము వాసన గదంతా కమ్ముకుంది. కొత్తగా చేరిన అమ్మాయిలు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మేడ్చల్‌లో సుల్తానా మేడం నడిపిన కంప్యూటర్ సెంటర్‌లో రోజూ ఇదే వాసన. నా మొదటి ఉద్యోగం అక్కడే, ఆమె కింద.

అక్కడున్నవి ఎవరో దానమిచ్చిన డాస్ కంప్యూటర్లు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. మధ్యాహ్నం పూట చుట్టుపక్కల ఆడవాళ్లు వాటి మీద ఉచితంగా టైపింగ్ నేర్చుకునేవారు. ఒకరోజు స్థలమిచ్చిన కమిటీ పెద్ద రాములు సారు వచ్చి, "ఇంటర్నెట్ రాని డబ్బాలు ఎందుకమ్మా? పాత సామాన్లు కొనే కబాడోనికి ఏద్దాం, గది గోదాముకిద్దాం" అన్నారు. కంప్యూటర్లు పోతే మధ్యాహ్నం క్లాసు పోయినట్టే. మేడం తొణకలేదు. "ఒక్క వారం ఆగున్రి సార్, ఇంటర్నెట్ చూపెడ్త" అన్నారు.

డాస్‌లోనూ నడిచే బ్రౌజర్లు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. మేడం రెండు ఎక్కించారు. ఈ కాలపు పేజీలను తేలిక చేసి వాటికి పంపడానికి తన సొంత ల్యాప్‌టాప్ పక్కన పెట్టారు. ఏది మేలో పోల్చి చూసే పని నాకు అప్పజెప్పారు. ఒకటి బొమ్మలు కూడా చూపించేది. తీరిగ్గా ముస్తాబయ్యేది కనుక మేడం దానికి పెండ్లికొడుకు అని పేరు పెట్టారు. రెండోది అక్షరాలు మాత్రమే గబగబా తెచ్చి పడేసేది, అది పేపరాయన. నేను పెండ్లికొడుకు మీద మనసు పడ్డాను. బొమ్మలు చూస్తే రాములు సారు ముచ్చటపడతారని నా ఆశ. కానీ పెద్ద పేజీ వస్తే అది సగంలో బిగుసుకుపోయేది. "చిన్న పేజీలే చూపిద్దాం మేడం, ఆయనకేం తెలుస్తుంది?" అన్నాను.

ఆమె కోప్పడలేదు. "ఆయన పోయినంక గీడ కూసునేది ఎవలు బేటా? యాదమ్మ గదా. ఆమె ముందట బిగుసుకుంటే, నేనే కరాబ్ జేసిన అని పరేషాన్ అయితది" అన్నారు. నిజమే. యాదమ్మ పూట కూలి వదులుకుని క్లాసుకు వచ్చేది. ఒక కీ నొక్కాలన్నా భయపడేది. మేడం ఇంకో మాట అన్నారు. "ముందుగాల ఏమేం రావో జెప్పు. గా తర్వాతనే వచ్చేటియి చూపెట్టు."

రాములు సారు వచ్చినప్పుడు మేడం నన్నే ముందుకు నెట్టారు. బ్యాంకు పేజీ తెరుచుకోదని, వీడియోలు ఆడవని, తెలుగు అక్షరాలు కూడా రావని గడగడా చెప్పేశాను. ఆయన ముఖం మాడిపోయింది. అప్పుడు పేపరాయనను తెరిచి యాదమ్మను కూర్చోబెట్టాం. ఆమె శామీర్‌పేట అని ఇంగ్లీషులో ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. వచ్చిన పేజీని కూడబలుక్కుని, "రెయిన్... రేపు వాన ఉన్నదంట సార్" అంది.

రాములు సారు తెర దగ్గరకు వంగి చూశారు. తర్వాత, "కంప్యూటరోళ్లు ఇది రాదు అని జెప్పుడు నేనింతవరకు ఇనలే. ఉంచున్రి" అన్నారు. "గీ బేటనే చూసింది సార్ అన్నీ, నేను కాదు" అన్నారు మేడం. అంత గర్వం నాకు డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడు కూడా కలగలేదు. మర్నాడు క్లాసుకు అందరికన్నా ముందు యాదమ్మే వచ్చింది.

ఇప్పుడు వెబ్‌సైట్ కావాలని ఎవరొచ్చినా మేం చేయలేనివి ముందే చెబుతాను. కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనీ. ఉండిపోయినవాళ్లు ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, నాకు కాలేజీ పేరు నోటికి రాదు. "సుల్తానా మేడం దగ్గర" అంటాను. ఆమె ఎవరని అడిగితే కుర్చీ దగ్గరకు లాక్కుంటాను.