కోసంబరి గిన్నెతో కెప్టెన్ అత్త

హూడిలోని మా ఫ్లాట్‌లో ఇత్తడి పాలిష్ డబ్బా మూత తీయగానే ఆ ఘాటు వాసన నన్ను తొంభైలనాటి మా నగర్తపేట వీధికి లాక్కుపోతుంది: ఆగస్టు తుంపర, జరీ దుకాణాల అరుగుల మీద ఏడు పెంకులాటలా మేం పేర్చి ఆడిన లగోరి రాళ్లు, జెండా పండుగనాడు కోసంబరి కోసం ఇంటింటా నానిన పెసరపప్పు, తరిగిన కీరదోస, నిమ్మరసం.

ఆ పండుగకు హీరో మా పెదనాన్న. పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. మీసాలకు ఆయన పట్టించే నెయ్యితో వీధికంతా ఒబ్బట్లు కాల్చవచ్చు. ఏటా ఆయనే జెండా ఎగరేసి, దండ వేయించుకుని, ఉపన్యాసంలో యుద్ధాన్ని ఒంటిచేత్తో ముగించేవాడు. ఆయన చెల్లెలు, మా అత్త, మిలిటరీ ఆసుపత్రిలో నర్సు. ఎందరు జవాన్లను బతికించి పంపినా సెలవుకు వస్తే వీధికి ఆమె ఉత్త సూదులేసే నర్సమ్మ. ఆడవాళ్లతో కూర్చుని కోసంబరి కలపాల్సిందే. ఆమె హోదా ఏమిటో పెదనాన్న ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు.

ఒక ఏడాది జెండా పండుగనాడే అత్త తిరుగు రైలు. ఇస్త్రీ యూనిఫారంలో, భుజాల మీద నక్షత్రాలు తళతళలాడుతుంటే మెట్లు దిగబోయింది. ఎట్లాగూ దిగుతున్నావు కదా అని అమ్మ కోసంబరి గిన్నె ఆమె చేతుల్లో పెట్టింది.

కింద జెండా తాడు పట్టుకున్న పెదనాన్న ఆ యూనిఫారంలో చెల్లెల్ని చూశాడు. తాడు వదిలేసి, బూట్లు టపీమని కలిపి, సెల్యూట్ కొట్టాడు. వీధంతా నవ్వింది. ఆయన కదలలేదు. నమ్మితే నమ్మండి, పావురం ఒకటి ఆయన మోచేతి మీద వాలి, కాసేపు కునుకు తీసి మరీ పోయింది.

"చెయ్యి దించన్నా, అందరూ చూస్తా ఉండారు," అంది అత్త.

"మీరు తిరిగి సెల్యూట్ కొట్టకుండా నేనెట్ల దించేది మేడం?"

ఏమిటీ వేషమని అడిగిన ఉత్సవ సంఘం అధ్యక్షుడికి, కళ్లయినా తిప్పకుండా చెప్పాడు: "ఆమె కెప్టెన్ అప్పా. నేను హవల్దారుని. ఆమె ఉండంగా జెండా నేనెట్ల ఎగరేసేది?"

అధ్యక్షుడు ఒక్క గెంతులో వచ్చి గిన్నె అందుకున్నాడు. ఖాళీ అయిన అత్త చెయ్యి నుదుటికి లేచాకే పెదనాన్న చెయ్యి దిగింది. తాడు ఆమే లాగింది. జెండాలోని బంతిరేకులు ఆమె టోపీ మీద రాలాయి. మా చప్పట్లకు ఎక్కడో ఊరవతల వర్తూరు చెరువులో కొంగలు లేచాయి. రైలెక్కించడానికి వీధి వీధంతా కదిలింది, ముందు పెట్టె మోస్తూ పెదనాన్న.

ఇప్పుడు పెదనాన్న లేడు, లగోరి లేదు, ఆ అరుగులు గోదాముల్లో కలిసిపోయాయి. అత్త భుజాల నక్షత్రాలు మాత్రం పాలిష్‌తో నా చేతిలో మెరుస్తున్నాయి. రేపు మా అపార్ట్‌మెంట్ జెండా అత్తే ఎగరేస్తుంది. గిన్నె నేను మోస్తాను. పావురం సంగతి అనుమానమైతే అత్తనే అడగండి. నిజమేనంటుంది. ఆమె మాట కాదనే ర్యాంకు మా ఇంట్లో ఇంకా ఎవరికీ రాలేదు.