పగులు పక్కన ఆకుపచ్చ

టోంగాట్‌లో తాత పోయారని మొన్న బుధవారం ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఒకప్పుడు చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ల మనవడు, మా రాళ్ల గోదాములో పెట్టెలు చూసుకునే మనిషి. ఈ దేశంలో తెల్లవాళ్ల పాలన పోయి, అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలై మూడేళ్లు కూడా కాకముందు నేను కొత్తగూడెం నుంచి జియాలజిస్టు ఉద్యోగానికి వస్తే, నాతో తెలుగు ముక్క మాట్లాడింది ఆయనొక్కరే.

బోరు వేసి తీసిన రాతి కడ్డీల మీద లోతు రాసి, పెట్టెల్లో వరసగా పేర్చడం ఆయన పని. ముప్పై ఏళ్లు అదే పని. పాత ప్రభుత్వంలో రిపోర్టు రాసే బల్ల దగ్గర ఆయనకు కుర్చీ లేదు. ఇప్పుడైనా తన మాట ఒకటి కాగితం మీద పడాలని ఆశపడ్డారు. ఆ కాగితం రాసేవాణ్ణి నేను.

రాయిని నాలుకతో తడిపి చూసేవారు. "వాటర్ పోస్తే కారిపోతాది బిడ్డా. టంగ్ పెట్టు, కలర్ చెప్తాది." నాకు రోత. స్పాంజి వాడేవాణ్ణి.

ఇసుకరాయి పొరల అడుగున పాత గ్రానైటు ఉంది. దాని పైభాగం ఆకుపచ్చగా మారింది. ఏనాడో ఎండకూ వానకూ పాడై, ఆ తర్వాత ఇసుక కింద పడిన రాయి, అంతే అన్నాను. తాత ఒప్పుకోలేదు.

"నో, నో. డౌన్ చూడు. క్రాక్ ఉన్నకాడల్లా గ్రీన్. హాట్ వాటర్ కిందనించి వచ్చె. రాయిని ఉడకబెట్టె."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నేనే. కింది లోతుల రాళ్లున్న పెట్టెలు తెరవనైనా తెరవలేదు. గోదాము ఖాళీ చెయ్యమన్నప్పుడు అవి అక్కర్లేదని సంతకం పెట్టాను. చెరకు తోటల బాటలో గుంతలు పూడ్చడానికి తీసుకుపోయారు. పెట్టెలు లారీకి అందించింది తాతే.

"యూ డిడ్ నాట్ లుక్, బిడ్డా," అన్నారు. ఆ నెలాఖరుకే రిటైరయ్యారు. ఆ తర్వాత నేను మొహం చూపించలేదు.

అంత్యక్రియలయ్యాక కూతురు తలుపుకు అడ్డం పెట్టిన రాయి తీసి నా చేతికిచ్చింది. "నాయన ఎవ్వరినీ టచ్ చెయ్యనిచ్చేవాడు కాదు, అంకుల్. యూ టేక్ ఇట్. మాకేం తెలుసు?"

మా బోరు రాయే. తెల్ల రంగుతో ఆయన రాసిన లోతు చూశాను. గ్రానైటు పైభాగానికి నూరు మీటర్ల కింద. ఎండావానా చేరలేని చోటు. ఒక్క ముక్కతో నేనిప్పుడు ఎవరికి ఏం రుజువు చెయ్యను? మిగతావన్నీ రోడ్డు కింద ఉన్నాయి. సిగ్గుతో ఏడుపొచ్చింది.

గడప మీదే కూర్చుని రాయిని నాలుకతో తడిపాను. పగులుకు రెండు పక్కలా వేలెడంత ఆకుపచ్చ, దాని అవతల గులాబీ. చూశాను తాతా అనడానికి మనిషి లేడు. నా చేతిలోనే తడి ఆరిపోయి, రాయి మళ్లీ బూడిద రంగుకు తిరిగింది.