గోనె సంచుల మీద ఊరికొచ్చిన కప్పు

మొన్న శ్రీకాకుళం మార్కెట్ నుంచి బంగాళాదుంపలు కొత్త గోనె సంచిలో వచ్చాయి. ఈ రోజుల్లో బియ్యం, పప్పు, పంచదార అన్నీ ప్లాస్టిక్ సంచుల్లోనే దిగుతున్నాయి కాబట్టి, ఎచ్చెర్ల రోడ్డు మీది నా టిఫిను కొట్టుకి అచ్చమైన గోనె సంచి రావడం పెళ్లికి పిలవని చుట్టం వచ్చినట్టే. మూతి విప్పేసరికి నారా, మిల్లు నూనే, దుమ్మూ కలిసిన వాసన గుప్పుమంది. దుంపలన్నీ కింద కుమ్మరించి, తల సంచిలో దూర్చి గట్టిగా పీల్చాను. ఇడ్లీలు తింటున్న యూనివర్సిటీ కుర్రాళ్లు తినడం ఆపేశారు.

"ఏటమ్మా, సంచిలో ఏటి పోనాది?" అన్నాడొకడు.

"నా సిన్నతనం పోనాదిరా. దొరికితే నీకో ఇడ్లీ ఎక్కువేస్తాను" అన్నాను.

నేను పెద్ద చదువు చదివినదాన్ని కాను. ఆరో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం, ఆయనకి ఆరోగ్యం కుదుటపడింది, నాకు తెలివి పెరిగింది. అయినా రాయాలనిపించింది, రాస్తున్నాను. తప్పులుంటే మాస్టారి ఖాతాలో వేసుకోండి.

నెల్లిమర్ల అంటే జూట్ మిల్లని అందరికీ తెలుసు. మాది అంత పేరున్న ఊరు కాదు, మా మిల్లు కూడా అంత పెద్దది కాదు, విజయనగరం నుంచి గంట ప్రయాణంలో చెరుకు తోటల మధ్య నక్కి ఉండేది. పొద్దున్న సైరను మోగితే ఊరు లేచేది, మధ్యాహ్నం మోగితే తినేది, సాయంత్రం మోగితే తిట్టుకోవడం మొదలుపెట్టేది. నాన్న నార బేళ్లు మోసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన తలలోనూ కనుబొమల మీదా పచ్చటి నార పీచు అతుక్కుని, ముద్దబంతి పువ్వు నడిచొచ్చినట్టుండేవాడు. వేసవిలో మా పిల్లలకి ముంజెలు, ఈతపళ్లు, గొంతు పట్టేసే జీడిమామిడి పళ్లు, పనస తొనలు తిని ఆ జిగురు వదిలించుకోడానికి చేతులకి కొబ్బరినూనె రాసుకోవడం, ఇదే పని. ఆడపిల్లలం తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, మగపిల్లలు కర్రాబిళ్ల ఆడి ఎవరిదో ఒకరి నుదురు పగలగొట్టేవారు.

అలాంటి ఊళ్లోకి మిల్లు మేనేజరు బాస్కెట్‌బాల్ జట్టుని తెచ్చి పెట్టాడు. పెద్ద కంపెనీలన్నిటికీ జట్లున్నాయి, మనకి మాత్రం ఎందుకుండకూడదని ఆయన పట్టుదల. ఎక్కడెక్కడి నుంచో పొడుగాటి మనుషుల్ని ఏరి, జీతాలిచ్చి, మా ఇంటి వెనక క్వార్టర్లలో దింపాడు. నాన్న జీతం పుచ్చుకుని నార మోస్తాడు, వీళ్లు జీతం పుచ్చుకుని బంతి ఆడతారు. ఈ రెండో ఉద్యోగం గురించి బళ్లో ఎవరూ ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

వాళ్లకి వండి పెట్టే పని అమ్మకి దొరికింది. పెరట్లో తాటాకు పందిరి, రెండు మట్టి పొయ్యిలు, ఒక మెస్సు. జట్టులో అందరికన్నా పొడుగు దివాకర్. బరంపురం అవతలి నుంచి వచ్చాడు, తెలుగులో ఒరియా కలిపి మాట్లాడేవాడు, మా గుమ్మంలోకి వచ్చేటప్పుడు మర్యాదస్తుడిలా వంగి వచ్చి, వెళ్లేటప్పుడు మరిచిపోయి ద్వారబంధానికి తల కొట్టుకునేవాడు. కెప్టెన్ రాజు గారు కాకినాడ మనిషి, అన్నిటికీ బెంగ. మిగతావాళ్లని మేం అరిసె, పీచు, గెద్ద అనేవాళ్లం, అసలు పేర్లతో పిలిస్తే వాళ్లే పలికేవారు కారు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, గోడకి చేరబడి పొగాకు చుట్ట నముల్తూ, వడ్డన తనే చేస్తున్నట్టు అజమాయిషీ చేసేది. "ఆ పొడుగోడికి ఇంకో ముద్దెట్టవే కోడలా, తిన్నది మోకాళ్లదాకా దిగేసరికే అరిగిపోతన్నాది" అనేది. వాళ్లకి చోడి అంబలి, అదే రాగి అంబలి, అలవాటు చేసింది కూడా ఆవిడే. మొదట మొహాలు చిట్లించారు. నెల తిరిగేసరికి ఉల్లిపాయ కొరికి, పచ్చిమిరపకాయ నంజుకుని, గిన్నెలు నాకడం మొదలెట్టారు.

మిల్లు వెనక సిమెంటు మైదానం, ఇనప రింగులు. రింగుకున్న వల చిరిగిపోతే సంచులు కుట్టే సెక్షను ఆడవాళ్లు సుతిలి తాడుతో కొత్తది అల్లారు. దాంట్లోంచి బంతి పడితే 'జర్ర్' మని, ఎవరో కొత్త చీర చింపినట్టు చప్పుడయ్యేది. సాయంత్రాలు ఊరంతా అక్కడే. ఆట తెలియకపోయినా జనం సలహాలకి లోటు లేదు. "అంత పొడుగున్నావు, దూకడమెందుకురా, సెయ్యెత్తి పెట్టీ!" అని అరిచేవారు. ఆట అయ్యాక దివాకర్ మా ఆడపిల్లల్ని పిలిచి బంతి ఇచ్చేవాడు. బంతి నా కడుపు కన్నా పెద్దది. మొదటిసారి వేసినప్పుడు అది రింగు దాకా పోలేదు, నా ముక్కు దాకా మాత్రం తిరిగొచ్చింది.

మూడో వేసవికి చిక్కొచ్చి పడింది. జట్టు ఖర్చు దండగని మిల్లు యజమానులకి తోచింది. వాళ్లవన్నీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగాలు. విశాఖపట్నంలో జరిగే కంపెనీల పోటీలో కప్పు తెస్తే అందరికీ మిల్లులో పర్మినెంటు, తేకపోతే జట్టు రద్దు, ఎవరి ఊరు వాళ్లు వెళ్లిపోవడమే అని మేనేజరు చెప్పాడు. ఆ రాత్రి కంచాల ముందు నుంచి అందరూ సగంలోనే లేచిపోయారు. అన్నం మిగలడం మా మెస్సు పుట్టాక అదే మొదలు. జట్టు పోతే మెస్సు పోతుంది, అమ్మకి ఆ సంగతి తెలుసు. కానీ ఆవిడ పొయ్యి ముందు కూర్చుని అన్నది వేరే. "ఈ కుర్రోళ్లు ఎల్లిపోతే ఇల్లు బావురుమంటాదే గుంటా" అంది నాతో.

ఊరు ఊరుకుంటుందా? పెద్దలంతా కూర్చుని ఆలోచించారు. అమ్మవారికి మొక్కుకోవాలి. ఉత్త మొక్కు చాలదు, ఈసారి పండగే ముందుకి జరిపి, జట్టు పేరు మీద చేసి, ఆవిడ్ని బాగా మంచి చేసుకోవాలి. అనుకున్నదే తడవు డప్పు కొట్టించి చాటింపు వేయించేశారు. బంతాట కోసం పండగ తారీఖు మార్చిన ఊరు మాదొక్కటే అయ్యుంటుందని అందరూ మీసాలు దువ్వుకున్నారు.

డప్పు చప్పుడు వీధి చివర మలుపు తిరిగాక గానీ ఎవరికీ అసలు సంగతి తట్టలేదు. మా వైపు అమ్మవారి పండగకి చాటింపు పడిందంటే, పండగ అయ్యేదాకా ఊళ్లోవాళ్లెవరూ పొలిమేర అవతల రాత్రి నిద్ర చేయకూడదు. పగలు ఎక్కడ తిరిగినా సరే, పడక మాత్రం ఊళ్లోనే. పోటీ ఉన్నది విశాఖపట్నంలో, వరసగా బోలెడు రోజులు. ఎవరి గెలుపు కోసం చాటింపు వేశారో వాళ్లనే ఊళ్లో కట్టి పడేశారు.

మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. రాజు గారు మెల్లిగా దారి చూపించబోయారు.

"మేం ఊరి వాళ్లం కాదు కదండీ. పరాయివాళ్లం. మాకు పట్టింపు ఉండదేమో" అన్నారు.

పెద్దలు 'అవును సుమీ' అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో మామ్మ చుట్ట ఉమ్మి లేచింది.

"ఏటీ, పరాయోళ్లా? ఎవుల్రా పరాయోళ్లు? మా ఇంట మూడేళ్ల బట్టి అంబలి తాగతన్నారు, మా అరుగు మీద తొంగుంటన్నారు, మా తల్లికి దండాలెడతన్నారు. ఇయాల ఊరు దాటాలనొచ్చీసరికి పరాయోళ్లయిపోనారా? నువ్వు సెప్పరా పొడుగోడా, నువ్వు మా వోడివా, కావా?"

దివాకర్ తల వంచుకుని నిలబడ్డాడు. వాడు అంతసేపు తల వంచడం ద్వారబంధం లేని చోట నేను చూడలేదు. "మీ వోన్నే మామ్మా" అన్నాడు.

"అయితే పొద్దుటెల్లి ఆడుకో, రాత్రికొచ్చి తొంగో. బస్సులు నేవా, లారీలు నేవా?"

అలా తేలింది. మేనేజరు మొత్తుకుని మ్యాచ్‌లన్నీ పగటి పూట పెట్టించుకున్నాడు, సంచుల లోడు తీసుకెళ్లే మిల్లు లారీని జట్టుకిచ్చాడు. రోజూ తెల్లారగట్ల సంచుల బేళ్ల మీద కూర్చుని వెళ్లడం, ఆడటం, దీపాలు పెట్టే వేళకి ఖాళీ సంచుల గుట్ట మీద పడి కునుకుతూ ఊరు చేరడం. మిగతా జట్లు హోటళ్లలో ఫ్యాన్ల కింద పడుకుంటే, మావాళ్లు పొలిమేర రాయి దగ్గర ఎదురుచూసే జనాన్ని చూసి నిద్రమొహాలతో చేతులూపేవారు. అమ్మ బకెట్లతో వేణ్నీళ్లు కాచి పెట్టేది. నాన్న వాళ్ల పిక్కలకి నువ్వులనూనె మర్దనా చేస్తూ, బేళ్లు మోయడమే నయమనేవాడు. వీపులకి నార పీచు అంటుకునే ఉండేది, ఆటలో చెమటకి అది దురద పుట్టి ఎదుటివాళ్లకన్నా ఎక్కువ గెంతేవారని ఊళ్లో ఒక వాదన. సెమీస్ నాడు మాత్రం అలిసిపోయి ఓడినంత పని చేశారు. ఆ సాయంత్రం లారీ దిగుతూ దివాకర్ కాలు తడబడితే, ఎత్తుకు తెచ్చినట్టు తెచ్చారు.

"మనమే ఈల్ల కొంప ముంచేం" అంది అమ్మ. మర్నాడు పొద్దున్నే మామ్మ, పెళ్లిళ్లకి తప్ప ఊరు కదలని మనిషి, లారీ ఎక్కి కూర్చుంది. పక్కన నేను, మా ఒళ్లో అంబలి కుండ.

ఫైనల్ ఆట నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. తెల్ల బూట్లు, నున్నటి నేల, అటుపక్క జట్టు తాగుతున్న రంగురంగుల గ్లూకోజు నీళ్లు, ఇటుపక్క మా కుండ. సమానంగా వచ్చి, అదనపు సమయం ఇచ్చి, అందులో కూడా ఆఖరి క్షణాల్లో ఒక పాయింటు వెనక ఉన్నాం. దివాకర్‌ని ఎవడో తోశాడు, రెండు బంతులు ఊరికే వేసుకొమ్మని ఈల ఊదారు. అంత పెద్ద హాలు చప్పుడాగిపోయింది. దివాకర్ బంతి నేలకి కొడుతున్నాడు, ఆపుతున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. వాడి ఉద్యోగం, అందరి ఉద్యోగాలు, మా పందిరి కింద రెండు పొయ్యిలు, అన్నీ ఆ బంతిలోనే ఉన్నాయి. అప్పుడు నా పక్క నుంచి మామ్మ గొంతు లేచింది.

"బేగి ఎయ్యరా నాయినా! పొద్దు గూకతన్నాది, ఊరెల్లాల!"

హాలంతా గొల్లుమంది. దివాకర్ కూడా నవ్వేశాడు. నవ్వుతూనే మొదటిది వేశాడు, నవ్వు ఆగకుండానే రెండోది, రెండూ పడ్డాయి.

తరవాతేం జరిగిందంటే, ఏమీ జరగలేదు. బహుమతి సభ, ఉపన్యాసాలు, విందు, ఫొటోలు అన్నీ రాత్రికి పెట్టారు. మావాళ్లకి అంత తీరిక ఎక్కడిది? మేనేజరు ఒక్కడినీ దండలేయించుకోడానికి వదిలేసి, కప్పు అడిగి పుచ్చుకుని, సంచుల్లో చుట్టి లారీ ఎక్కేశారు. మర్నాడు పేపర్లో ఓడిపోయిన జట్టు ఫొటో పడింది, పాపం వాళ్లు మాత్రమే అక్కడున్నారు మరి. మా ఊరు గెలిచిందనడానికి కాగితం ముక్క లేదు. ఆ రోజు మాత్రం లారీకి ఎదురొచ్చిన డప్పులకి చెరుకు తోటల్లో నక్కలు కూడా పరారైపోయాయి. కప్పులో మొదట పోసింది అంబలే.

మేనేజరు మాట తప్పలేదు, అందరికీ పర్మినెంటు కాగితాలు వచ్చాయి. మాకు తట్టని తిరకాసు అందులోనే ఉంది. పర్మినెంటయినవాడు షిఫ్టు చెయ్యాలి, షిఫ్టు చేసేవాడికి ఆడే ఓపికెక్కడ? అరిసె మగ్గం దగ్గర, గెద్ద గేటు దగ్గర, రాజు గారు గొడౌన్లో. రెండేళ్లలో రింగుకి వల కూడా లేకుండా పోయింది. కప్పు గెలిచి జట్టు పోగొట్టుకున్నాం, మనుషుల్ని మిగుల్చుకున్నాం. బేరం ఎవరికి లాభమో నేను లెక్క కట్టలేను, లెక్కల సంగతి ముందే చెప్పాను కదా. మా మెస్సు మాత్రం మిల్లు ఉన్నన్నాళ్లూ నడిచింది. నా పెళ్లి భోజనాలు వడ్డించింది వాళ్లే, పందిరి కట్టడానికి నిచ్చెన అవసరం పడలేదు. దివాకర్‌కి మామ్మ దగ్గరుండి అమ్మ చెల్లెల్ని, అంటే మా పిన్నిని, ఇచ్చి చేసింది, అప్పటి నుంచి నాకు బాబాయి అయ్యాడు.

తరవాత ప్లాస్టిక్ సంచులొచ్చాయి. మిల్లు గేటు ఒక పొద్దున్న తెరుచుకోలేదు. సైరను లేదు, మైదానంలో ఇప్పుడు మిరపకాయలు ఎండబెడుతున్నారు, కప్పు ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలియదు. మామ్మ లేదు, అమ్మ లేదు. రాజు గారు కాకినాడ వెళ్లిపోయారు, పీచూ గెద్దా ఎక్కడున్నారో. నాకు తెలిసిందల్లా పదిమందికి వండటం, వచ్చినవాణ్ని నవ్వించి పంపడం. ఆ రెండూ ఆ పందిరి కిందే వచ్చాయి, వాటి మీదే నేనూ నా పిల్లలూ బతుకుతున్నాం. అందుకని ఏది పోయిందో చెప్పుకుంటూ ఏడవడం నాకు రాదు, దండం పెట్టుకోవడం వచ్చు.

నిన్న దివాకర్ బాబాయి కొట్టుకొచ్చాడు. మోకాళ్లు పాడయ్యాయి, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, అయినా బెంచీ మీద కూర్చుంటే పక్కన నిలబడ్డ కుర్రాడి ఎత్తున్నాడు. కుర్రాడికి ఈయన పెద్ద ఆటగాడని చెప్పాను. వాడు ఫోన్లో పేరు వెతికాడు, ఏమీ రాలేదు.

"ఏం ఆడేవారు తాతా మీరు?" అన్నాడు.

బాబాయి చట్నీలో దోసె ముంచాడు.

"ఏటాడేమా? పొద్దుటెల్లడం, రాత్రికి ఇంటికొచ్చి తొంగోడం. అంతే నాయినా మా ఆట."

కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. నాకు పెనం మీద దోసె మాడిపోయింది.