చేటలో జొన్నపిండి

మా వాడలో ఎవరికైనా గాలి సోకిందంటే, "కడుపు నిండ జొన్న గటక తాగుండ్రి, గదే పోతది" అని మొహం మీదే అనేదాన్ని. దయ్యాలను నమ్మే మనిషిని కాను, ఇప్పటికీ నమ్మను. కానీ నైజాం రోజుల్లో, నారాయణఖేడ్‌లో మా ఇంట్లో జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా బాలవ్వకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఒక్కతే బిడ్డ. మోకాలి పైన వాపు కనబడితే ఆటలో పడిందనుకుని పసుపు, సున్నం పట్టించాను. చూస్తుండగానే పిల్ల తొడ నా తొడంత అయింది. బండి కట్టి మిషన్ దవాఖానకు తీసుకుపోయాం. రాచపుండు, ఎముకలో ఉంది, చెయ్యి దాటిపోయిందన్నాడు డాక్టరు. నొప్పికి మందిచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు తింటున్నవా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. బిడ్డ బతకదని చెప్పిన నోటితోనే తిండి మాటా?

ఇంటికి వచ్చాక బాలవ్వ లేచి కూర్చోలేకపోయింది. నీళ్లు కూడా నేనే పట్టేదాన్ని. ఎత్తి దించి, ఎత్తి దించి నా నడుము పడిపోయింది. అంటుకుంటుందని ఇరుగుపొరుగు గడప తొక్కలేదు. రొట్టె చేయాలంటే ముందు జొన్నలు విసరాలి. విసుర్రాయి తిప్పే సత్తువ నాకెక్కడిది? పిల్లకు పాలు కాచి పట్టి, మేం పుట్నాలు నమిలి పడుకునేవాళ్లం.

"నువ్వు ముందుగల్లనే చెప్పుంటే గింతదాంక రాకపోవు" అన్నాడు మా ఆయన ఒకనాడు. నేనూ ఊరుకోలేదు. "ఇంట్ల ఉన్నది నేనొక్కదాన్నేనా? నీకు కండ్లు లేవా?" అన్నాను. అంతే, మాటలు బందయ్యాయి. బాలవ్వ మంచం మీది నుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేది.

ఒక మధ్యాహ్నం బావి నుంచి బిందెతో వచ్చేసరికి మా ఆయన చేను నుంచి వచ్చి గడపలో కూర్చుని ఉన్నాడు. లోపల విసుర్రాయి పక్కన, చేటలో జొన్నపిండి. మెత్తగా ఉంది, ఇంకా వెచ్చగా ఉంది.

మా దిక్కు మగవాళ్లు విసుర్రాయి ముట్టరు. ముడితే ఊరంతా నవ్వుతుంది. అలాంటిది ఈ మొండిమనిషి నా కోసం కూర్చుని విసిరాడా! నాకు ఏడుపు ఆగలేదు. అడిగితే సిగ్గుపడతాడని నోరు మూసుకుని రొట్టెలు కొట్టాను. ఎన్నో రోజుల తర్వాత ఇద్దరం పక్కపక్కన కూర్చుని తిన్నాం. తిన్నాక అతను, "జరుగు, కొంచెం పండు" అని పిల్లను తన ఒళ్లోకి తీసుకున్నాడు. నేను నిద్రపోయాను.

అలా ఇంకో మూడుసార్లు జరిగింది. ప్రతిసారీ నేను బావికి పోయి వచ్చేలోపే. మేం తింటుంటే బాలవ్వ రెప్ప వేయకుండా చూసేది. "ఇంకో రొట్టె తినే, అవ్వా" అని నన్ను బతిమాలేది.

చలి మొదలయ్యాక బాలవ్వ పోయింది.

కొన్నాళ్లకు మళ్లీ విసుర్రాయి ముందు కూర్చున్నాను. దుఃఖం ఆగక, "గప్పుడు నువ్వు ఇసిరి పెట్టకపోతే నేను గూడ పోదునయ్యా" అన్నాను.

మా ఆయన తెల్లబోయాడు. "నేనా? నేనెన్నడు రాయి ముట్టిన? నేనొచ్చేసరికి పిండి ఉండె. నువ్వే ఇసిరినవనుకున్న. గంత పరేషాన్ల గూడ నా కోసం ఇసిరిందని సిగ్గయింది నాకు."

ఇద్దరం ఒట్లు పెట్టుకున్నాం. ఆ రోజుల్లో ఎదురింటి ఈరమ్మ మధ్యాహ్నమంతా అరుగు మీదే ఉండేది. పోయి అడిగాను. "మీ ఇంట్లకెవ్వరు రాలేదక్కా. రాయి చప్పుడైతే ఇనవడ్డది" అంది.

నేను అతనికి చెప్పని సంగతి ఒకటుంది. బిడ్డకు చివరి స్నానం చేయించేటప్పుడు కుడి అరచేతిలో బొబ్బ చూశాను. నొప్పి ఓర్చుకోలేక మంచం పట్టె గట్టిగా పట్టుకుని ఉంటుందనుకున్నాను. విసుర్రాయి పిడి తిప్పితే సరిగ్గా అక్కడే బొబ్బ లేస్తుంది.

లేచి కూర్చోలేని పిల్ల, నీళ్ల చెంబు ఎత్తలేని పిల్ల. అదెలా సాధ్యమో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంది. ఆ రోజు దవాఖానలో డాక్టరు "నువ్వు తింటున్నవా?" అని అడిగినప్పుడు, బాలవ్వ నా ఒళ్లోనే ఉంది.