కొసరుకు కేసు లేదు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా చిత్తూరుకు వేశారు. ఐరాల మండలం నా పరిధిలోకి వచ్చేది. అంగళ్లలో వాడే కాటాలను మా దగ్గరున్న ప్రామాణిక గుండ్లతో ఏడాదికోసారి సరిచూసి, సరిగ్గా ఉంటే ముద్ర వేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని నలుగురికీ కనబడేలా తగిలించడం అంగడివాళ్ల వంతు.

రేవతమ్మ ఐరాలలో కొత్తగా చిల్లరంగడి పెట్టినప్పుడు ఆమె కాటాకు ముద్ర వేసింది నేనే. అలవాటు ప్రకారం చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను: కిలో అంటే కిలోనే, గ్రాము తేడా వచ్చినా కేసు రాస్తాను. నా ఉపన్యాసాలను అంత శ్రద్ధగా విన్నవాళ్లు మా ఇంట్లో కూడా లేరు. సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి దేవుడి పటాల వరసలో పెట్టింది.

ఐదు నెలల తర్వాత తనిఖీకి వెళితే అంగట్లో ఈగలు తప్ప ఎవరూ లేరు. మొదట్లో వచ్చినవాళ్లంతా ఎదురుగా ఉన్న పాత అంగడికి మళ్లిపోయారట.

"ఇంకో నెల సూస్తా సార్. అప్పటికీ ఇట్లే ఉంటే మూసేసి, తిరుపతిలో లాడ్జి పనికి పోతా. ఇద్దరు బిడ్డల్ని సాకల్ల గదా" అంది. నాకు బాధేసింది.

ఎదుటి అంగడాయన ధర తగ్గించి తూకంలో కొట్టేస్తున్నాడేమోనని, గుండ్ల పెట్టె మోసుకుని ఉత్సాహంగా రోడ్డు దాటాను. ఆయన కాటా నిక్షేపంలా ఉంది. కేసు దొరకనందుకు కాస్త నొచ్చుకున్నాను కూడా.

తిరిగి వచ్చేసరికి ఒక ముసలావిడ రేవతమ్మ దగ్గర బెల్లం కొంటోంది. కాటా సరిగ్గా అరకిలో చూపించింది. బెల్లం సంచిలో పడ్డాక కూడా ఆవిడ సంచి మూయలేదు.

"కొసరు ఏదిమే?"

రేవతమ్మ భయంగా నా వైపు చూసి, లేదని తలూపింది.

"రవ్వంత బెల్లానికి ఏడ్సే అంగడికి నేనింక రానుపో" అని ముసలావిడ వెళ్లిపోయింది.

ఎందుకివ్వలేదని అడిగాను.

"మీరే గదా సార్, గ్రాము తేడా వస్తే కేసు అంటిరి. ఎక్కువైనా తేడానే గదా?"

ఇన్నేళ్ల సర్వీసులో నా మాటను తు.చ. తప్పకుండా పాటించిన మనిషి ఒక్కరు దొరికితే, ఆమె కొంప ముంచింది నేనే. సిగ్గేసింది. తక్కువ తూస్తేనే నేరమనీ, చేతికొద్దీ ఎక్కువిస్తే మా శాఖకు పనేమీ లేదనీ చెప్పాను.

"ఆ మాట అప్పుడే సెప్పుంటే మీ సొమ్మేం పోయేది సార్!" అంటూ బెల్లం ముక్క తీసుకుని ముసలావిడ వెనకాలే రోడ్డు మీద పరుగెత్తింది.

మరుసటి ఏడాది ముద్రకు వెళితే, ఆమెకు బేరాలు తెమిలేదాకా అరగంట నిలబడాల్సి వచ్చింది. కాటా సరిచూడటం మా పని అయినా, కొనేవాళ్లు కాటా ఆగాక చేతిని చూస్తారని అక్కడే తెలుసుకున్నాను. ఆ తర్వాత ఏ కొత్త అంగట్లో ముద్ర వేసినా, తక్కువిస్తే ఏమవుతుందో చెప్పి ఊరుకోలేదు; ఎక్కువిస్తే ఏమీ కాదని కూడా చెప్పి వచ్చేవాణ్ణి.