మగ్గానికి గంజి

మా కింది ఇంటి అవ్వ మరణించినట్లు పోయిన నెలలో ఒక సోమవారం ఉదయం నాకు ఆదోని బస్టాండులో సమాచారం అందింది. ఫోను చేసిన ఆమె కూతురు ఆ సంగతి చెప్పి, పొయ్యి మీద ఏమైనా పెట్టి మరిచిపోయి వెళ్ళానా అని అడిగింది. పై గదిలోంచి అన్నం ఉడికే వాసన వస్తోందట. విడాకుల కాగితాల మీద సంతకాలకై వెళ్ళి నేను రెండు రోజులుగా ఆదోనిలోనే ఉన్నాను. ఈ విషయమై ఇంతవరకు ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు.

పాఠకుల సౌకర్యార్థం పూర్వాపరాలు మనవి చేస్తాను. నలభై ఎనిమిదో ఏట, ఆదోనిలోని సంసారానికి నా సేవలు ఇక అవసరం లేదని ఉభయపక్షాలూ అంగీకరించిన మీదట, ఎమ్మిగనూరులో ఆ పై గది అద్దెకు తీసుకున్నాను. వంట విషయంలో నా అర్హత అప్పటికి వడ్డించినది తినడం వరకే. మొదటి వారం బన్నులు, టీలతో గడిచింది. తరువాత అవి కూడా మానేశాను. దానిని నిరాహార దీక్ష అనడానికి వీలులేదు. దీక్షకు డిమాండ్లుంటాయి. నాకు ఏ డిమాండూ లేదు.

అలా మూడు రోజులయ్యాక, ఒక ఉదయం అవ్వ సత్తు గిన్నెతో మెట్ల కింద నిలబడి పిలిచింది. వాళ్ళది నేత పని చేసే ఇల్లు.

"మగ్గానికి గంజి కావల్లప్పా. నా కూతురు కుక్కరు తెచ్చింది, దాంట్లో గంజి రాదు. నువ్వు అన్నం వండి, వంచి, గంజి నాకియ్యి."

గంజి పట్టని పడుగు దారం నేసేటప్పుడు తెగిపోతుందని కూడా వివరించింది. నాకు వంట రాదని విన్నవించుకున్నాను.

"రాకుంటే నేర్సుకో. అన్నం నీకు, గంజి నాకు."

నా మూలంగా ఒక మగ్గం ఆగిపోవడం బాధ్యతారాహిత్యమని తోచి, బియ్యం తెచ్చాను. ఆమె మోకాళ్ళు మెట్లెక్కడానికి అనుమతించేవి కావు గనుక శిక్షణ యావత్తూ కింది నుంచే జరిగింది. ఎసరు శబ్దం విని బియ్యం వేయమనేది. వాసన పట్టి మంట తగ్గించమనేది. మొదటిరోజు మూత జారి, గంజితోపాటు సగం అన్నం సింకు పాలైంది. ఆ నష్టాన్ని మెట్ల మీది నుంచి నివేదించాను. మిగిలిన సగం తినమని, మగ్గం రేపటిదాకా ఆగుతుందని చెప్పింది. ఆమె గొంతులో నిరాశ ఏమీ లేకపోవడాన్ని నేను అప్పుడు గమనించి ఉండవలసింది.

ఆ మీదట ఏడాదిన్నర పాటు, ప్రతి ఉదయం "గంజి వంచినావాప్పా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి వండాను. జ్వరం వచ్చిన రోజు కూడా వండాను. వండినందున తిన్నాను. క్రమేణా పప్పు, పుండికూర, ఉగ్గాని కూడా నా పరిధిలోకి వచ్చాయి.

కర్మకాండ ముగిశాక, సంతాపం తెలపడానికి మొదటిసారి వాళ్ళ మగ్గం గదిలోకి వెళ్ళాను. మగ్గం గుంతను బండలతో కప్పేశారు. పైన బియ్యం మూటలున్నాయి. మగ్గం ఏదని అడిగితే కూతురు నన్ను వింతగా చూసింది.

"మగ్గమా అన్నా? మా నాయన పోయినప్పుడే తీసేస్తిమి. పదేండ్లాయ."

ఏడాదిన్నర పాటు ఆ గది మీదే నివసించి, ఒక్కనాడైనా నేత చప్పుడు వినలేదన్న వాస్తవం అంతవరకు నా దృష్టికి రాలేదు. మరి ఆ గంజి ఏమయ్యేదని అడిగాను.

"పక్కింటి ఎనుముకు పోసేది. పైన ఆయప్ప గంజి వంచినాడంటే తిన్నట్లే కదా, అనేది."

మరునాడు పొద్దున వండాలా వద్దా అన్న అంశం చాలాసేపు నా పరిశీలనలో ఉండిపోయింది. అడిగేవాళ్ళు లేరు. లేని మగ్గం ఆగేది కూడా లేదు. చివరికి గుప్పెడు బియ్యం కడిగి, ఎసట్లో వేసి, ఉడికాక వంచి, గంజి తీసుకొని మెట్ల మీదికి వెళ్ళాను. కింద తలుపు మూసి ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు.

వంచినానవ్వా అని చెప్పాను.

గాలి లేదు. గంజి మీద పల్చటి పొర కట్టింది. దాని నడిమధ్యన మాత్రం, వేడి చల్లారడానికి ఎవరో దగ్గరగా వంగి ఊదుతున్నట్లు, పొర చిన్నగా కదులుతోంది.