మా పెద్దాడు నిద్రపోలేదు

పెద్దాడా! నువ్వు పోయావన్న కబురు నీ బస్సు యజమాని పంపలేదురా. నీ బస్సుతోపాటు కాలువలో పడి ఈదుకొచ్చిన చేపలావిడ తడిబట్టలతో పటమటలో మనింటి దాకా నడిచొచ్చి చెప్పింది. యజమాని మాట సాయంత్రానికి వచ్చింది: "మీవాడు తోలుతూ నిద్రపోయాడు."

పెద్దకర్మకొచ్చి ఈ కాగితం చదివేవాళ్ళారా, మా పెద్దాడు నిద్రపోలేదు. నా చాప మీద కూర్చుని "చిన్న కునుకేనంట కదమ్మా" అన్నవాళ్ళకీ ఇదే నా జవాబు. ఈ నాలుగు అక్షరాలూ వాడు నేర్పినవే.

పెట్రోలు దొరకని యుద్ధం రోజుల నుంచీ వాడు బొగ్గుతో నడిచే బస్సు తోలాడు. మొహమంతా మసితో వచ్చి మగ్గం దగ్గర నూలు పోగు తెంపుకుపోయేవాడు.

"నా నూలు మోటారుకెందుకురా?"

"ముందు చక్రాలు కొలవాలే అమ్మా. రెండూ ముందువైపు రవ్వంత దగ్గరగా ఉండాలి. ఎడంగా ఉంటే టైర్లు అరుగుతాయి, బండి అటూ ఇటూ ఈడుస్తుంది. చీర అంచు వంకరొస్తే నువ్వు ఊరుకుంటావా?"

"నా అంచు ఎప్పుడొచ్చిందిరా వంకర!"

పోయిన నెల బస్సు ముందు ఇరుసు విప్పి బిగించారు. ఇరుసుకీ స్ప్రింగుకీ మధ్య ఏటవాలు ఇనుప ముక్క ఉంటుంది. వెనక్కి ఉండాల్సిన మందం వైపు ముందుకి పెట్టేశారు. వాడు సైకిలు చూపించి నాకు చెప్పాడు: "ముందు కడ్డీ వెనక్కి వాలింది చూడు. ఆ వాలు ఉంటేనే మలుపు తిరిగాక చక్రం తనంతట తాను తిన్నగా వస్తుంది. మా బస్సుకి అది పోయిందే."

చీరల మూటతో వెళ్తూ యజమాని గుమ్మంలో వాళ్ళిద్దరి మాటలూ నేను విన్నాను.

"దారంతో కొలిచానండీ, చక్రాలు బాగానే ఉన్నాయి. తప్పు ఇరుసు వాలులో ఉందండీ. ఒక్క పూట బండి ఆపితే..."

"పెళ్ళిళ్ళ రోజుల్లో ఆపుతారట్రా? నువ్వు డ్రైవరువా, దొరవా? చక్రం రాకపోతే చేత్తో లాక్కో!"

నెల రోజులు లాక్కున్నాడు. రోజూ వాడి భుజాలకి ఆముదం రాశాను. హనుమాన్ జంక్షన్ నుంచి వస్తూ, ఊరి దగ్గర కాలువగట్టు మలుపులో ఇక లాగలేకపోయాడు. "పట్టుకోండి, చక్రం రావట్లేదు!" అని అరిచాడట. చేపలావిడ విన్నది. నిద్రపోయినవాడు అరుస్తాడా?

బస్సును పైకి లాగినప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. యజమాని ముందుగా ఆ ఇనుప ముక్కే విప్పించి, మందం వైపు వెనక్కి వచ్చేలా తిప్పి బిగింపించాడు.

"అదెందుకు తిప్పారండీ?" అన్నాను.

"ఇనుము సంగతి నీకెందుకమ్మా, ఇంటికెళ్ళు."

నేత నేసే దానికేం తెలుసులే అనుకున్నాడు. నిన్న పెద్దకర్మకని బియ్యం బస్తా పంపాడు. "నిద్రపోయాడన్న మాట వెనక్కి తీసుకుని అప్పుడు పంపమను" అని బండివాడితో తిప్పి పంపాను. మాట రాలేదు.

ఇవాళ పొయ్యి మీద ఉన్నది నా మగ్గం బియ్యం. ఆయన గింజ ఒక్కటి లేదు. కడుపునిండా తినండి.